ఒళ్ళు చేసే విద్య

ఎవరైనా కాస్త లావెక్కితే మన ఇళ్ళలో "ఒళ్ళు చేశావే" అంటారు. అందులో ఆప్యాయత ఉంటుంది, చిన్న హెచ్చరికా ఉంటుంది. మాట "చేయడం" అనే ఉన్నా, ఆ ఒళ్ళు ఎవరూ పట్టుబట్టి చేసింది కాదు. తిండికీ తీరికకీ దానంతటదే వచ్చింది. పని చేయమని గదమాయించేటప్పుడు ఇంకో మాట వాడతాం, "ఒళ్ళు వంచు" అని. ఒళ్ళు చేసినవాడు ఒళ్ళు వంచడనీ, వంచేవాడికి ఒళ్ళు రాదనీ మన లెక్క. జపాన్ సుమో మల్లుల్ని దగ్గర్నుంచి చూశాక నాలో మొదట చెదిరిపోయింది ఈ లెక్కే. వాళ్ళు ఒళ్ళు చేసేదీ, వంచేదీ ఒకే పూట, ఒకే కప్పు కింద.

టోక్యోలో హమాచో అనే పేట ఉంది. అక్కడ అరషియో అనే సుమో బస ఉంది. ఇలాంటి బసని హెయా అంటారు. గురువు, ఆయన కుటుంబం, శిష్యులు అందరూ అక్కడే ఉంటారు. సాధన, వంట, నిద్ర అన్నీ అక్కడే. అరషియో బసకి వీధివైపు పెద్ద అద్దాల కిటికీ. దారినపోయేవాళ్ళు ఆగి లోపలి సాధన చూడొచ్చు. నేను అక్కడ నిలబడింది ఒక చలికాలం ఉదయం. బయట నా నోట్లోంచి ఆవిరి వస్తోంది. లోపల వాళ్ళ వీపుల మీంచి వస్తోంది.

ఒక మూల ఓ కుర్రాడు షికో చేస్తున్నాడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళు ఉంటాయి. బరువు 130 కిలోలకి తగ్గదని నా అంచనా. కాలు ఎత్తి నేలని తొక్కడం టీవీలో మనం చూసేదే. టీవీలో అది పందేనికి ముందు చేసే ఆర్భాటంలా కనిపిస్తుంది. అద్దానికి ఇవతల నాలుగడుగుల దూరంలో అది వేరే సంగతి. పాదాలు బాగా ఎడం చేసి, మోకాళ్ళు బయటికి తిప్పి, పీట మీద కూర్చోబోతున్నట్టు దిగాడు. బరువంతా మెల్లగా ఎడమ కాలి మీదికి జరిగింది. అడుగు వేసినట్టు కాదు, ఒంచిన బిందెలో నీళ్ళు ఒక పక్కకి చేరినట్టు. కుడి కాలు పక్కకి లేచింది, మోకాలు సాగింది, పాదం భుజం ఎత్తుకి వెళ్ళి ఆగింది. అంత మనిషీ ఒక్క పాదం మీద ఉన్నాడు. నేను ఆ పాదాన్నే చూశాను. అయిదు వేళ్ళూ మట్టిని కరుచుకుని ఉన్నాయి. చీలమండ సన్నగా వణుకుతోంది, సర్దుకుంటోంది, మళ్ళీ వణుకుతోంది. మొండెం మాత్రం కదల్లేదు. కాలు దిగేటప్పుడు కూడా దబ్బున పడలేదు. ముందు వేళ్ళు తగిలాయి, తర్వాత మడమ, ఆ వెంటనే నడుము మళ్ళీ మొదటి లోతుకి కూర్చుంది. పక్కనున్నవాళ్ళు వంతులవారీగా అంకెలు పలుకుతున్నారు. ఆ అంకెలు వందల్లోకి వెళతాయి, ప్రతి రోజూ.

ఆ కాలు చూశాక ఆ బొజ్జని చూసే నా చూపు మారింది.

1994లో జపాన్ పరిశోధకులు కొందరు 37 మంది సుమో మల్లుల ఒళ్ళు కొలిచారు. మనిషి ఒంట్లోంచి కొవ్వు లెక్క తీసేస్తే మిగిలే బరువు, అంటే కండ, ఎముక, అవయవాలు, నీరు కలిపి, గరిష్ఠంగా ఎంత ఉండగలదన్నది వాళ్ళ ప్రశ్న. పోల్చడానికి బాడీబిల్డర్లని కూడా కొలిచారు. సుమో మల్లుల్లో ఆరుగురికి కొవ్వు కాని బరువే 100 కిలోలు దాటింది. ఒకతనికి 121 కిలోలు. అతని ఎత్తు 186 సెంటీమీటర్లు, మొత్తం బరువు 181 కిలోలు, అందులో మూడో వంతు కొవ్వు. మూడో వంతు కొవ్వు అనగానే మన మనసు అక్కడే ఆగిపోతుంది. మిగతా రెండు వంతుల దగ్గర ఆగాలి. 70 కిలోల ఆరోగ్యవంతుడైన మగమనిషికి కొవ్వు కాని బరువు 60 కిలోల లోపే ఉంటుంది. అంటే ఈ మల్లుడి ఒంట్లో ఇద్దరు మనుషుల కండా, ఎముకా ఒకే చర్మం కింద ఉన్నాయి. దాని మీద మరో మనిషంత కొవ్వు పరుచుకుని ఉంది. మొత్తం 37 మంది సగటు చూస్తే కొవ్వు నూటికి 26 పాళ్ళే. ఇది సోమరితనంతో వచ్చే ఒళ్ళు కాదు. పక్కన కొలిచిన బాడీబిల్డర్లకి తీసిపోని కండని ఈ మనుషులు లోపల దాచిపెట్టుకుని తిరుగుతున్నారు.

కొవ్వు ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి. ఒంట్లో కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. ఒకటి చర్మం కింద, రెండోది పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ. షుగరు, గుండెజబ్బు లాంటివి తెచ్చిపెట్టేది ముఖ్యంగా ఈ రెండోది. ఒసాకా విశ్వవిద్యాలయంలో యూజి మత్సుజావా బృందం సాధనలో ఉన్న సుమో మల్లుల్ని స్కాన్ చేసి చూస్తే, అంత ఒంట్లోనూ లోపలి కొవ్వు చాలా తక్కువ. దాదాపు అంతా చర్మం కిందే. రక్తంలో చక్కెరా, కొవ్వులూ మామూలుగానే ఉన్నాయి. రోజూ పొద్దున చేసే ఆ సాధనే కొవ్వుని లోపలికి చేరనివ్వకుండా కాపలా కాస్తోందన్నమాట. ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి చిన్న బొజ్జ మాత్రం ముందుకొచ్చిన మనిషిని మనం లావు అనం. మన దేశపు ఒళ్ళకి తక్కువ బరువులోనే లోపలి కొవ్వు చేరే గుణం ఉంది. 160 కిలోల మల్లుడిని చూసి జాలిపడే మన 70 కిలోల పెద్దమనిషి పొట్ట లోపల, ఆ మల్లుడి పొట్టలో లేని ప్రమాదం ఉండొచ్చు.

అసలు అంత బరువు ఎందుకంటే, వృత్తి సుమోలో బరువు తరగతులు లేవు. 100 కిలోలవాడికి 200 కిలోలవాడు ఎదురుపడతాడు. గోదా అడ్డం 4.55 మీటర్లు, అంతే. మట్టి దిమ్మె మీద వడ్లగడ్డి మూటల్ని గుండ్రంగా సగం పాతిపెట్టి చేసిన గిరి అది. గిరి దాటినా, అరికాలు తప్ప ఒంట్లో మరే భాగం నేలకి తగిలినా ఓటమే. ఇద్దరూ ఒంగి, పిడికిళ్ళు నేలకి ఆనించి, ఒక్కసారిగా ఒకరినొకరు ఢీకొంటారు. ఆ తొలి ఢీని తచియాయ్ అంటారు. చాలా పందేలు ఆ తర్వాత కొన్ని క్షణాల్లోనే ముగిసిపోతాయి. అంత చిన్న చోట, అంత తక్కువ సమయంలో బరువుకి ఉన్న విలువ చెప్పక్కర్లేదు. పొట్టలో, పిరుదుల్లో, తొడల్లో బరువు ఉన్నకొద్దీ మనిషి గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది. పడగొట్టడం కష్టమవుతుంది. చర్మం కింద మెత్తటి పొర దెబ్బని మింగేస్తుంది. పట్టు దొరకనివ్వదు కూడా.

ఆ ఒళ్ళకి వాళ్ళు పెట్టిన పేర్లు నాకెంతో నచ్చాయి. రెండూ వంటింట్లోంచి వచ్చినవే. గుండ్రంగా, నడుము కింద నిండుగా ఉన్న ఒళ్ళు అంకో-గత, అంటే అంకో చేప ఆకారం. ఆ చేప తలా పొట్టా ఒకటే అయినట్టు బల్లపరుపుగా, బరువుగా ఉంటుంది. పొడుగ్గా, ఎముక తేలి, కండ బిగిసిన ఒళ్ళు సొప్పు-గత. సొప్పు అంటే సూప్. మాంసమంతా తీసేశాక చారుకి వేసే కోడి ఎముకల గూడు అని అర్థం. ఒక మనిషి ఒంటిని చూసి అతను చేపా, కోడి ఎముకా అని చెప్పడంలో వెక్కిరింత ఏమీ లేదు. ఏ ఒంటికి ఏ పట్టు నప్పుతుందో గురువు ఆ పేరుతోనే మొదలుపెడతాడు.

బరువొక్కటే చాలదనడానికి ఒరోరా అనే రష్యన్ మల్లుడు ఉన్నాడు. 290 కిలోలు దాటి, వృత్తి సుమో చరిత్రలోనే అందరికంటే బరువైన మల్లుడు అయ్యాడు. అయినా జీతం వచ్చే పై రెండు శ్రేణుల్లోకి ఎప్పుడూ రాలేకపోయాడు. ఆ రెండు శ్రేణుల్లో ఉండేది 70 మందే. కాళ్ళు ఎంత మోయగలవో అంతవరకే ఒళ్ళు పనికొస్తుంది. అందుకే షికో ముందు, అన్నం తర్వాత.

ఆ తర్వాత అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. చిన్నవాళ్ళు తెల్లవారకముందే లేచి ఖాళీ కడుపుతో మట్టిలోకి దిగుతారు. పెద్ద మల్లులు కాస్త ఆలస్యంగా వచ్చి కలుస్తారు. పొద్దున ఎవరూ ఏమీ తినరు. అలా పస్తుండి చేస్తే ఒంటి లోపల ఏదో మార్పు వస్తుందని రకరకాల వివరణలు చెబుతారు. నాకు తెలిసినంతలో మామూలు కారణమే చాలు. కడుపులో అన్నం పెట్టుకుని 150 కిలోల మనిషిని గుండెతో ఆపడం కుదరదు. మూడు నాలుగు గంటలు అలా ఒళ్ళు హూనం చేసుకున్నవాడికి పదకొండింటికి వచ్చే ఆకలి మన ఆకలి లాంటిది కాదు. ఆ ఆకలి మీదే ఒళ్ళు కడతారు. తిన్నాక నిద్ర. లేచి ఇంటిపనులు, రాత్రి మళ్ళీ భోజనం. రోజుకి రెండే పూటలు.

మల్లులు వండుకు తినేదంతా చాంకోయే. అందులో పేరున్నది చాంకో-నాబే, అంటే కుండలో ఉడికించే కలగలుపు పులుసు. సుమో మైదానం కొకుగికాన్ ఉన్న ర్యోగొకు పేటలో విరమించిన మల్లులు నడిపే చాంకో హోటళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఒకదాంట్లో బల్ల మీద పొయ్యి పెట్టి, నా ఎదురుగానే కుండ ఎక్కించారు. కోడి ఎముకల్ని మరిగించి తీసిన పాలచాయ చారు అడుగున ఉంది. అది తెర్లడం మొదలయ్యాక ముందుగా ముల్లంగి, క్యారెట్ ముక్కలు వేశారు, అవి ఉడకడానికి పొద్దు పడుతుంది కాబట్టి. తర్వాత కోడిమాంసం. తర్వాత వెదురుబద్దతో గీసి గీసి, చేప ముద్దని ఉండలుగా చారులోకి జార్చారు. ఉండ కిందికి మునిగి, ఉడికాక తనే తేలి చెబుతుంది. తర్వాత పుట్టగొడుగులు, సోయా పన్నీరు దిమ్మెలు. చివర్లో ఒక బుట్టెడు చైనా క్యాబేజీ, పొడుగు ఉల్లికాడలు. అంత ఆకు ఈ కుండలో ఎలా పడుతుందా అనుకున్నాను. రెండు నిమిషాల్లో అణిగిపోయింది.

నేను ఊహించుకుని వెళ్ళింది నూనె తేలే జిడ్డు కూరని. నోట్లో పెట్టుకుంటే అది మా అమ్మ జ్వరం తగ్గాక పెట్టే పథ్యం అంత తేలిక. వేపుడు లేదు, మసాలా లేదు. మాంసకృత్తులు దండిగా ఉన్నాయి, కూరలు అంతకంటే ఉన్నాయి. ఇదే ఆ వంటలోని నేర్పు. కొవ్వు కూరిన తిండి మనిషికి తొందరగా చాలనిపిస్తుంది, అరక్కుండా మొండికేస్తుంది. చారు లాంటిది గొంతు దిగుతూనే ఉంటుంది, పక్కన అన్నం గిన్నె తర్వాత గిన్నె ఖాళీ అవుతూనే ఉంటుంది. కండకి కావలసింది కుండలోంచి వస్తుంది, బరువుకి కావలసింది అన్నంలోంచి వస్తుంది. కలిపి ఎంత తినాలో ఒళ్ళే చెబుతుంది. అన్నంతో ఒళ్ళు చేయడం గురించి తెలుగువాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పక్కన ఏముందన్నదే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

కోడినే ఎందుకు వాడతారో పాత మల్లులు చెప్పే కారణం ఒకటుంది. కోడి రెండు కాళ్ళ మీద నిలబడుతుంది. ఆవూ పందీ నాలుగు కాళ్ళ మీద. సుమోలో చేతులు నేలకి ఆనితే ఓటమి. అందుకని పోటీల రోజుల్లో ముఖ్యంగా కోడే. ఇప్పుడు అంత పట్టింపు అన్ని చోట్లా లేదు, కానీ ఆ కారణం ఎవరూ మరచిపోలేదు.

ఈ పద్ధతి అంతా ఒక్క మనిషిలో చూడాలంటే హకుహో. మంగోలియా నుంచి 2000లో పదిహేనేళ్ళ వయసులో వచ్చాడు. తండ్రి మొంఖ్‌బాత్ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కుస్తీలో రజతం గెలిచిన వస్తాదు. కొడుకు మాత్రం అప్పటికి 62 కిలోలు. అతనితో వచ్చిన మిగతా కుర్రాళ్ళని బసలు ఎంచుకున్నాయి. ఇతన్ని ఎవరూ అడగలేదు. తిరుగు ప్రయాణానికి సిద్ధమైపోయాక మియగినో గురువు తీసుకున్నాడు. మొదట్లో ఆయన ఆ పిల్లవాడికి చెప్పింది బాగా తినమనీ పాలు తాగమనీ అంటారు. మొదటి పోటీల్లో గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. 2007లో, ఇరవై రెండేళ్ళకే, అతను అత్యున్నత స్థానమైన యోకోజునా అయ్యాడు. 192 సెంటీమీటర్ల ఎత్తు, 155 కిలోల చుట్టుపక్కల బరువు. 2021లో విరమించేనాటికి 45 టైటిళ్ళు, 1187 విజయాలు. రెండూ రికార్డులే.

62 నుంచి 155 అంటే ఇంకో మనిషీ, మరో అర మనిషీ. వాళ్ళని ఏళ్ళ తరబడి, పూటకింత చొప్పున, కీళ్ళు తట్టుకునే వేగంతో కట్టాలి. నేను అతని పందేలు ఎన్నోసార్లు ఆపి ఆపి చూశాను. తొలి ఢీలో ఎదుటివాడి తల అతని గుండెకి తగిలినప్పుడు అతని ఒళ్ళు ఒక్క క్షణం లోపలికి వెళ్ళి, దెబ్బని తీసుకుని, మళ్ళీ బయటికి వస్తుంది. దూది మూట మీద రాయి పడ్డట్టు ఉంటుంది. ఆ వెంటనే ఆ దూదిలోంచి చెయ్యి వచ్చి నడుం కట్టు పట్టుకుంటుంది. ఆ మెత్తదనం కింద ఎంత కండ ఉందో ఆ చేతికి చిక్కినవాళ్ళకే తెలియాలి. బరువులెత్తడం కంటే షికో, పాదం ఎత్తకుండా మట్టి మీద జారుతూ నడిచే సురి-అషి, కొయ్య స్తంభాన్ని అరచేతుల్తో బాదే తెప్పో, ఈ పాత మూడింటినే అతను చివరిదాకా పట్టుకున్నాడు.

ఇదే బాట అందరిదీ కాదు. అతనికి ముందు తరంలో చియొనొఫుజి ఉన్నాడు. తోడేలు అని ముద్దుపేరు. సొప్పు ఒంటికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ లేదు. బరువు 120ల్లోనే ఉండేది. మొదట్లో భుజం మాటిమాటికీ కీలు తప్పేది. ఇంకొకరైతే ఆట మానేసేవారు. అతను రోజూ వందల కొద్దీ దండీలు తీసి, ఆ కీలు చుట్టూ కండతోనే కట్టు కట్టుకున్నాడు. అతని ఫొటోల్లో ఆ భుజాలు చూడండి, వాటి వెనక ఉన్నది అందం కోసం పడ్డ తపన కాదు, గాయానికి వేసిన మరమ్మతు. 31 టైటిళ్ళు గెలిచాడు. 1988లో వరసగా 53 పందేలు ఓడలేదు. హవాయి నుంచి వచ్చిన కొనిషికి అనే మల్లుడి బరువు అతనికి రెట్టింపు. ఆ కొండ ఎదుట ఈ తోడేలు నిలబడటం ఆ రోజుల్లో జపాన్ అంతా ఊపిరి బిగపట్టి చూసిన దృశ్యం.

ఈ విద్య ఖరీదు దాచిపెట్టి పొగడటం నాకు ఇష్టం లేదు. మోకాళ్ళే ముందు పోతాయి. సాధన ఆగిన రోజు నుంచి ఆ కాపలా కూడా ఆగిపోతుంది, పొట్ట లోపల కొవ్వు చేరడం మొదలవుతుంది. అందుకే జుట్టుముడి కత్తిరించే వీడ్కోలు వేడుక అయ్యాక తెలివైనవాళ్ళు అన్నం గిన్నెలు తగ్గించి, ఏళ్ళ తరబడి కట్టిన ఒంటిని జాగ్రత్తగా విప్పుకుంటారు. విప్పుకోనివాళ్ళు షుగరుతో, గుండెజబ్బుతో తొందరగా పోతారు. జపాన్‌లో మామూలు మగవాళ్ళు బతికినన్నాళ్ళు మాజీ మల్లులు బతకరు.

ఆటలో ఉండగానే ఒళ్ళు కూలిపోయి, మళ్ళీ కట్టుకున్నవాడు తెరునొఫుజి. 2015లో రెండో పెద్ద స్థానం ఓజెకికి చేరాడు. తర్వాత రెండు మోకాళ్ళూ చెడ్డాయి, షుగరు వచ్చింది. పందేలకి దిగలేక మెట్టు మెట్టుగా జారి, 2019లో కింది నుంచి రెండో శ్రేణిలో కొత్త కుర్రాళ్ళ మధ్య కనిపించాడు. అంతకుముందు అతనికి సేవ చేసిన వయసు పిల్లలు వాళ్ళు. అక్కడ్నుంచి మళ్ళీ ఎక్కాడు. 2020లో పై శ్రేణికి వచ్చీ రాగానే టైటిల్ గెలిచాడు. 2021లో యోకోజునా అయ్యాడు. మోకాళ్ళకి ఆ పెద్ద పెద్ద కట్లతోనే. రెండోసారి కట్టిన ఒంట్లో మొదటిసారి లేని ఓర్పు నాకు కనిపించేది. తొందరపడి లాగేవాడు కాదు, ఎదుటివాడి చేతులు తన చంకల్లో బిగించి, తన బరువు పని చేసేదాకా నిలబడేవాడు.

హమాచో కిటికీ దగ్గర సాధన అయిపోయింది. పెద్ద మల్లులు స్నానానికి వెళ్ళారు. స్నానమైనా, భోజనమైనా హోదా వరసే. గురువు, పెద్దలు, అతిథులు తినే దాకా చిన్నవాళ్ళు వెనక నిలబడి వడ్డిస్తారు. కుర్రాళ్ళ వంతు వచ్చేసరికి కుండలో మాంసం అడుగంటి ఉంటుంది. చారు మాత్రం అప్పటికి అన్నిటి రసమూ దిగి చిక్కబడి ఉంటుంది. అందులో అన్నమో, లావుపాటి సేమ్యాలాంటి ఉదోనో వేసుకుని తింటారు.

నేను చూసిన ఆ కుర్రాడు ఇంకా మట్టి మీదే ఉన్నాడు. నిన్న రాత్రి తిన్నదే అతను తిన్నది. చీపురు పట్టుకుని గోదా ఊడుస్తున్నాడు, అంచు నుంచి మధ్యకి, ఇసుకనంతా చిన్న కుప్పగా చేరుస్తూ. నడుము లోతుగా వంచి ఉంది. వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. ఊడ్చేటప్పుడు కూడా అతని పాదం నేల నుంచి లేవడం లేదు. బొటనవేలు మట్టిని రాసుకుంటూ జారుతోంది, ఊడ్చిన చోట రెండు సన్నటి గీతలు మిగులుతున్నాయి, వాటిని అతనే మళ్ళీ ఊడుస్తున్నాడు.